కోపాన్ని కక్కేస్తే తగ్గుతుందా?

కోపంతో ఊగిపోతున్న మనిషికి చుట్టుపక్కలవాళ్లు ఇచ్చే సలహా ఒకటుంది. లోపల పెట్టుకోకు, కక్కేయ్, మనసు తేలికపడుతుంది అంటారు. మనిషిని పొయ్యి మీద పెట్టిన కుక్కర్‌లా ఊహించుకోవడం ఈ సలహాకు మూలం. అవమానం, అలసట, అన్యాయం కింద నుంచి మంట పెడుతుంటే లోపల ఆవిరి పేరుకుంటుందని, అప్పుడప్పుడూ విజిల్ వేయనివ్వకపోతే ఏదో ఒక రోజు పేలిపోతుందని మన నమ్మకం. ఇది ఎంత గట్టిదంటే దాని మీద వ్యాపారమే నడుస్తోంది. డబ్బు కట్టి లోపలికి వెళ్లి సీసాలు, పాత టీవీలు బద్దలు కొట్టి వచ్చే రేజ్ రూములు హైదరాబాద్, బెంగళూరు దాకా వచ్చేశాయి. ఈ నమ్మకాన్ని పరీక్షకు పెట్టిన పరిశోధన మాత్రం అరవై ఏళ్లకు పైగా దాదాపు ఒకటే చెబుతోంది. అరిచి, విసిరి, కొట్టి కోపాన్ని వదిలించుకోలేం. చాలాసార్లు దానివల్ల కోపం ఇంకాస్త పెరుగుతుంది. నిజంగా పనిచేసే పద్ధతులన్నీ రెండే పనులు చేస్తాయి: ఒంట్లో రేగిన ఉద్రేకాన్ని దించుతాయి, జరిగిన సంగతిని మనకు మనం చెప్పుకునే తీరును మారుస్తాయి. ముక్కు మీద కోపం ఉన్నవాళ్లు మారాలంటే ముందు ఆ కుక్కర్ ఊహను పక్కన పెట్టాలి.

ఆ ఊహకు పెద్దవాళ్ల అండ ఉంది. విషాద నాటకం జాలిని, భయాన్ని రేపి, ఆ ఉద్వేగాలనుంచే ప్రేక్షకుడికి ప్రక్షాళన కలిగిస్తుందని గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ అన్నాడు. ఆయన వాడిన కెథార్సిస్ అనే మాటనే వియన్నా వైద్యులు యోసెఫ్ బ్రాయర్, సిగ్మండ్ ఫ్రాయిడ్ 1895లో హిస్టీరియా మీద రాసిన పుస్తకంలో చికిత్సకు వాడుకున్నారు. బయటపడని ఉద్వేగం లోపల ఇరుక్కుని రోగంగా మారుతుందని, అది మాటల్లో బయటికొస్తే రోగం తగ్గుతుందని వాళ్ల వాదన. 1970లో అమెరికాకు చెందిన ఆర్థర్ జానోవ్ ఇంకో అడుగు ముందుకేసి, రోగుల చేత గొంతు చించుకుని అరిపించే చికిత్సను ప్రచారంలోకి తెచ్చాడు. బీటిల్స్ గాయకుడు జాన్ లెనన్ కూడా ఆ చికిత్స చేయించుకున్నాడు. అయితే జానోవ్ కంటే ముందే వ్యతిరేక సాక్ష్యమూ మొదలైంది. 1959లో హార్న్‌బర్గర్ అనే పరిశోధకుడు కొందరిని అవమానించే ఏర్పాటు చేసి, వాళ్లలో సగం మంది చేత పది నిమిషాలు మేకులు కొట్టించాడు. మిగతా సగానికి ఏ పనీ ఇవ్వలేదు. తర్వాత తమను అవమానించిన మనిషి గురించి చెప్పమంటే, సుత్తి పట్టి కసి తీర్చుకున్నవాళ్లే ఎక్కువ ద్వేషంతో మాట్లాడారు. వదిలించుకునే అవకాశం దొరికినవాళ్లలో కోపం తగ్గాల్సింది పోయి పెరిగింది.

ఇలాంటి ప్రయోగాల్లో అన్నిటికంటే పేరుపడింది బ్రాడ్ బుష్‌మన్ 2002లో ప్రచురించినది. దాన్ని కాస్త దగ్గరగా చూడాలి, ఎందుకంటే అందులో మన రోజువారీ జీవితపు ఆనవాళ్లు చాలా ఉన్నాయి. ఆరు వందల మంది కాలేజీ విద్యార్థుల చేత, సగం మంది అబ్బాయిలు, సగం మంది అమ్మాయిలు, గర్భస్రావం అనే వివాదాస్పద అంశం మీద ఒక చిన్న వ్యాసం రాయించారు. పక్క గదిలో ఉన్న ఇంకో విద్యార్థి దాన్ని దిద్దుతున్నాడని చెప్పారు. నిజానికి పక్క గదిలో ఎవరూ లేరు. కాగితం తిరిగొచ్చేసరికి అన్నిటికీ అడుగు మార్కులు, కింద ఇంత చెత్త వ్యాసం చదవలేదన్న అర్థంలో చేత్తో రాసిన వ్యాఖ్య. అందరికీ ఒళ్లు మండింది. అప్పుడు వాళ్లను మూడు గుంపులు చేశారు. మొదటి గుంపుకు బాక్సింగ్ తొడుగులిచ్చి, తమ వ్యాసాన్ని తిట్టిన మనిషి ఇతనే అంటూ ఒక ఫోటో చూపించి, అతన్నే తలుచుకుంటూ సంచిని గుద్దమన్నారు. రెండో గుంపు కూడా గుద్దింది గానీ, ఒంటికి మంచి వ్యాయామం అనుకుంటూ గుద్దింది. మూడో గుంపును ఏమీ చేయనివ్వకుండా రెండు నిమిషాలు ఊరికే కూర్చోబెట్టారు. తర్వాత ఒక ఆట పెట్టారు. అందులో గెలిచినప్పుడల్లా ఆ తిట్టిన మనిషి చెవుల్లోకి కర్ణకఠోరమైన శబ్దం పంపొచ్చు. ఎంత గట్టిగా, ఎంతసేపు అన్నది గెలిచినవాళ్ల ఇష్టం. గుద్దుతూ అతన్నే తలుచుకున్నవాళ్లలో కోపం అందరికంటే ఎక్కువ మిగిలింది, శబ్దం విషయంలోనూ వాళ్లదే పైచేయి. అందరికంటే తక్కువ కసి చూపినవాళ్లు ఏమీ చేయకుండా కూర్చున్న మూడో గుంపు. కోపం దించుకోవడానికి మనం నమ్ముకున్న పని కంటే, ఏ పనీ చేయకుండా గడిచిన ఆ రెండు నిమిషాలే ఎక్కువ మేలు చేశాయి.

ఒక్క ప్రయోగాన్ని పట్టుకుని తీర్పు చెప్పకూడదు, అదీ అమెరికన్ కాలేజీ పిల్లల మీద, శబ్దాల ఆటతో చేసినదాన్ని. ఇది న్యాయమైన అభ్యంతరం. అందుకే 2024లో సోఫీ షార్విక్, బుష్‌మన్ కలిసి చేసిన సమీక్షకు విలువుంది. 154 అధ్యయనాలు, 10,189 మంది. విద్యార్థులతో పాటు చదువు దాటినవాళ్లు, నేరం చేసి శిక్ష పడినవాళ్లు, రకరకాల దేశాలవాళ్లు, ప్రయోగశాలలోనూ బయటా చూసినవి అన్నీ ఇందులో ఉన్నాయి. శ్వాస మీద ధ్యాస, ధ్యానం, కండరాలను ఒక్కొక్కటిగా వదులు చేయడం, నింపాదిగా చేసే యోగా వంటి, శరీరపు ఉద్రేకాన్ని దించే పనులు కోపాన్ని స్పష్టంగా తగ్గించాయి. ఉద్రేకం పెంచే పనులు, అంటే గుద్దడం, పరిగెత్తడం, సైకిల్ తొక్కడం వంటివి, మొత్తం మీద చూస్తే తగ్గించలేదు. జాగింగ్ అయితే కొంచెం పెంచింది కూడా. బంతితో ఆడే జట్టు ఆటలు మాత్రం తగ్గించాయి. బహుశా నలుగురితో కలిసి నవ్వుకుంటూ ఆడటంలోని ఆనందం కావచ్చు. వ్యాయామం మానేయమని దీని అర్థం కాదు. గుండెకు, నిద్రకు, దీర్ఘకాలంలో మనసుకు దానంత మంచిది ఇంకోటి లేదు. కోపం నషాళానికి ఎక్కిన ఆ అరగంటలో దాన్ని దించే మందుగా వ్యాయామాన్ని నమ్ముకోవద్దు, అంతే.

ఎందుకిలా జరుగుతుందో శరీరాన్ని చూస్తే అర్థమవుతుంది. ఎవరో మనల్ని తక్కువ చేశారనో, అడ్డుపడ్డారనో తోచిన క్షణంలో మెదడు లోపలి అమిగ్డలా అనే చిన్న భాగం హెచ్చరిక పంపుతుంది. అక్కడి నుంచి హైపోథాలమస్, దాని నుంచి నాడుల ద్వారా మూత్రపిండాల మీద కూర్చున్న అడ్రినల్ గ్రంథులు మేల్కొంటాయి. అడ్రినలిన్, నారడ్రినలిన్ రక్తంలోకి వస్తాయి, గుండె వేగం పెరుగుతుంది, రక్తపోటు ఎక్కుతుంది, కాలేయం చక్కెరను వదులుతుంది, కండరాలు బిగుసుకుంటాయి. ఇదంతా పోట్లాటకు సన్నాహం. దీని లోపల నిల్వ ఉండే పదార్థం ఏదీ లేదు, కాబట్టి కక్కడానికీ ఏమీ లేదు. అరవడం, చేతికందింది విసరడం ఆ సన్నాహాన్నే కొనసాగిస్తాయి. గుండె ఇంకా వేగంగా కొట్టుకుంటుంది, పోట్లాట ఇంకా అయిపోలేదని మెదడు అనుకుంటుంది.

ఇక్కడే డాల్ఫ్ జిల్‌మన్ 1970ల తొలినాళ్లలో కనిపెట్టిన ఒక సంగతి చెప్పాలి. ఒక కారణంతో రేగిన ఉద్రేకం వెంటనే చల్లారదు, కొంతసేపు మిగిలిపోతుంది, కానీ అది మిగిలి ఉందన్న సంగతి మనకు తెలియదు. ఆలోపు ఇంకేదైనా చికాకు ఎదురైతే, మిగిలినదంతా ఆ కొత్త కారణం ఖాతాలో పడిపోతుంది. 1972లో ఆయన బృందం కోపం తెప్పించిన మనుషుల్లో కొందరి చేత సైకిల్ తొక్కించి చూసింది. తొక్కినవాళ్లు ఒంటికి శ్రమలేని పని చేసినవాళ్ల కంటే ఎక్కువ ఘాటుగా ప్రతీకారం తీర్చుకున్నారు. హైటెక్ సిటీ నుంచి గంటన్నర ట్రాఫిక్‌లో హారన్ల మధ్య ఈదుకుంటూ ఇల్లు చేరిన మనిషి, గుమ్మంలో అడ్డంగా పడున్న చెప్పుల మీద పిల్లవాణ్ణి అంత గట్టిగా ఎందుకు కసురుకుంటాడో దీంతో తేలిపోతుంది. ఆ కోపంలో చెప్పుల వాటా చాలా తక్కువ. అత్త మీద కోపం దుత్త మీద చూపించడమని మన పెద్దలు అన్నది ఎదురు చెప్పలేని మనిషి మీది కోపం గురించి. జిల్‌మన్ చూపించినదాన్ని బట్టి, అసలు ఏ మనిషి మీదా లేని ఉద్రేకం కూడా దుత్త మీదికే పోతుంది. ఆకలి, ఎండ, నిద్రలేమి ఈ లెక్కలోకే వస్తాయి. అమెరికాలోని అయోవాలో మామూలు జనాన్ని రెండు రాత్రులు రోజూ కంటే కొన్ని గంటలు తక్కువ నిద్రపోనిచ్చి, చెవులకు ఇబ్బందిగా ఉండే శబ్దం వినిపిస్తే, సరిగ్గా నిద్రపోయినవాళ్ల కంటే ఎక్కువ కోపం తెచ్చుకున్నారు. మామూలుగా అలాంటి చికాకుకు మనిషి కాస్త అలవాటు పడతాడు, వీళ్లలో ఆ అలవాటు పడే గుణమే దెబ్బతింది. కోపిష్టి మనిషిని చూసి స్వభావం అంటాం. అందులో ఎంత భాగం అరకొర నిద్రో లెక్కపెట్టం.

అయినా అరిచేశాక హాయిగా అనిపిస్తుంది కదా, అది అబద్ధమా అని ఎవరైనా అడగొచ్చు. అబద్ధం కాదు. ఈ అభ్యంతరాన్ని తేలిగ్గా తోసేయకూడదు, ఎందుకంటే దానికి ప్రయోగాల ఆధారం కూడా ఉంది. 1960ల్లో జాక్ హోకన్‌సన్ అనే పరిశోధకుడు మనుషుల చేతికి రక్తపోటు పట్టీ కట్టి, కోపం తెప్పించి, తిరిగి దెబ్బతీసే అవకాశమిచ్చి చూశాడు. దెబ్బకు దెబ్బ తీశాక రక్తపోటు త్వరగా దిగింది. అయితే ఆయన అక్కడితో ఆగలేదు. కోపం తెప్పించిన వ్యక్తి హోదాలో తక్కువవాడైతే రక్తపోటు దిగింది. ప్రొఫెసర్ లాంటి పై హోదా వ్యక్తి అయితే తిరగబడ్డాక కూడా దిగలేదు. అంటే ఊరట కోపం బయటికి వచ్చినందువల్ల కలగలేదు, ఏ ప్రమాదమూ లేకుండా గెలిచాననే లెక్క వల్ల కలిగింది. 1968 నాటి ఇంకో ప్రయోగం దీన్ని మరింత తేటతెల్లం చేసింది. మగవాళ్లలో తిరిగి కొట్టాక శరీరపు ఉద్రేకం త్వరగా దిగితే, ఆడవాళ్లలో స్నేహంగా స్పందించాక త్వరగా దిగింది. ఆ తర్వాత మగవాళ్లు స్నేహంగా ఉన్నప్పుడు, ఆడవాళ్లు తిరిగి కొట్టినప్పుడు బహుమానం దొరికేలా ఆట నియమాలు మార్చారు. కాసేపటికి శరీరాలు కూడా మారాయి. మగవాళ్లకు మంచితనంతో, ఆడవాళ్లకు ఎదురుదెబ్బతో ఊరట రావడం మొదలైంది. ఈ ఫలితం నాకు ఈ రంగంలోకెల్లా ఆశ కలిగించేది. అరిచాక కలిగే హాయి పుట్టుకతో వచ్చింది కాదు, నేర్చుకున్నది. నేర్చుకున్నదాన్ని మార్చుకోవచ్చు. మార్చుకోకపోతే మాత్రం ఆ హాయే ఉచ్చు అవుతుంది. ప్రతిసారీ కలిగే ఆ కొద్దిపాటి ఊరట వచ్చేసారి ఇంకా త్వరగా అరవడం నేర్పుతుంది. ఇంట్లో గొంతు పెంచితే పని జరుగుతుందని ఒకసారి తెలిసిన మనిషికి గొంతు తగ్గించడం అందుకే అంత కష్టం.

మరి దిగమింగుకుంటే ఒంటికి చేటు కాదా? ఇది రెండో అభ్యంతరం, ఇందులోనూ నిజం ఉంది. స్టాన్‌ఫర్డ్‌లో జేమ్స్ గ్రాస్ చేసిన ప్రయోగాల్లో జుగుప్స కలిగించే శస్త్రచికిత్స దృశ్యాలు చూపిస్తూ, కొందరిని భావం ముఖం మీద కనబడనీయొద్దన్నారు. కొందరిని నిర్లిప్తంగా చూడమన్నారు. ముఖం బిగబట్టినవాళ్లలో జుగుప్స తగ్గలేదు, పైగా శరీరంలో ఉద్రేకం పెరిగింది. చూసే తీరు మార్చుకున్నవాళ్లలో జుగుప్సే తగ్గింది, శరీరమూ ఆ మూల్యం చెల్లించలేదు. ముఖం గంటు పెట్టుకుని నాకేం లేదు అనే భర్త దగ్గర భార్యకూ హాయి ఉండదు. ఇద్దరి సంభాషణలో ఒకరు భావాలు దాచుకుంటే ఎదుటి మనిషి రక్తపోటు కూడా పెరిగిందని 2003లో ఇదే బృందం చూపింది. కాబట్టి కక్కడం, మింగడం అనే రెండే దారులున్నాయనుకోవడంలోనే పొరపాటు ఉంది. రెండింట్లోనూ ఉద్రేకం అలాగే ఉంటుంది. మూడో దారి దాన్ని దించడం. గుండె సంగతి కూడా ఇదే చెబుతోంది. 1995లో గుండెపోటు వచ్చిన 1,623 మందిని అడిగి లెక్కగడితే, తీవ్రమైన కోపం తర్వాతి రెండు గంటల్లో గుండెపోటు ముప్పు మామూలు కంటే రెండు రెట్లకు మించి ఉందని తేలింది. ఒక మనిషికి ఒక గంటలో ఉండే ముప్పు చాలా చిన్నది కాబట్టి ఎప్పుడో ఒకసారి వచ్చే కోపానికి హడలిపోనక్కర్లేదు. రోజూ మూడుసార్లు భగ్గుమనేవాళ్లకు, ముందే బీపీ, షుగర్ ఉన్నవాళ్లకు ఆ చిన్న ముప్పులు కలిసి పెద్దవవుతాయి. 2024లో కొలంబియా విశ్వవిద్యాలయం వాళ్లు 280 మంది ఆరోగ్యవంతుల మీద చేసిన ప్రయోగంలో, ఎనిమిది నిమిషాలు కోపం తెప్పించిన సంగతిని తలుచుకున్నవాళ్ల రక్తనాళాలు విప్పారే శక్తి నలభై నిమిషాల దాకా తగ్గింది. అక్కడ ఎవరూ ఎవరినీ తిట్టలేదు, ఒక పాత సంగతిని తలుచుకున్నారంతే.

ఇక పద్ధతులకు వద్దాం. మొదట శరీరం. ఊపిరి తీసుకున్నప్పుడు గుండె వేగం కొద్దిగా పెరుగుతుంది, వదిలినప్పుడు తగ్గుతుంది. వదిలే శ్వాసను పొడిగిస్తే, గుండెను నెమ్మదింపజేసే వేగస్ నాడికి ఎక్కువ సేపు పని దొరుకుతుంది. మామూలుగా మనం నిమిషానికి పన్నెండు నుంచి ఇరవై సార్లు ఊపిరి తీసుకుంటాం. దాన్ని ఆరేడుకు దించి, నాలుగు అంకెలు లెక్కపెడుతూ తీసుకుని ఆరు లెక్కపెడుతూ వదిలితే కొద్ది నిమిషాల్లోనే తేడా తెలుస్తుంది. ప్రాణాయామం అలవాటున్న ఇళ్లలో ఇది కొత్త సంగతి కాదు. అయితే అందరూ చేసే పొరపాటు ఒకటుంది. కోపం వచ్చాక మొదటిసారి ప్రయత్నించి, ఇది నాకు పనిచేయదంటారు. కోపం లేని వేళ రోజూ పది నిమిషాలు చేసి చేసి ఒంటికి పట్టించుకున్నదే కోపం వేళ అక్కరకొస్తుంది. ఊపిరి మీద ధ్యాస కుదరనప్పుడు అక్కడి నుంచి కదిలి వెళ్లడం మంచిది, కానీ చెప్పి వెళ్లాలి: ఇప్పుడు మాట్లాడితే తప్పుగా మాట్లాడతాను, అరగంటలో వస్తాను అని. తలుపు దభాలున వేసి వెళ్తే ఎదుటివాళ్ల కోపాన్ని పెంచినట్టే. ఆ అరగంటా అదే తలుచుకుంటూ అటూ ఇటూ పచార్లు చేస్తే మొదటికే వస్తుంది. మందు సీసా దగ్గరికి అసలు పోకూడదు. తాగినప్పుడు మన చూపు ఎదురుగా కనబడే రెచ్చగొట్టే విషయానికే కుంచించుకుపోతుంది, రేపు ఏమవుతుందన్న ఆలోచన ఆనదు.

శరీరం దిగాక మిగిలేది కథ. కోపాన్ని గంటలు, ఏళ్ల తరబడి బతికించేది ఇదే. వాడు కావాలనే చేశాడు, నన్ను పూచికపుల్లలా తీసేశాడు, ఎప్పుడూ ఇంతే అని పదే పదే చెప్పుకునేది. బాధను దగ్గరివాళ్లకు చెప్పుకోవడం మంచిదే. చెప్పుకునేటప్పుడు ఆ స్నేహితుడు అవునవును, వాడంతే అని ఎగదోస్తే బుష్‌మన్ ప్రయోగంలోని మొదటి గుంపులో చేరినట్టే. వాళ్ల వైపు నుంచి ఏమై ఉంటుంది అని అడిగేవాడు అక్కరకొచ్చే స్నేహితుడు. మనల్ని మనం దూరం నుంచి చూసుకోవడం ఎంత పనిచేస్తుందో ఈథన్ క్రాస్, బుష్‌మన్ బృందం 2012లో పరీక్షించింది. అప్పుడే అవమానం జరిగిన మనుషులను, ఆ సన్నివేశాన్ని కాస్త ఎడంగా నిలబడి, అందులో తమను తామే పాత్రగా చూసుకోమని అడిగితే కోపమూ కసీ రెండూ తగ్గాయి. కోపం సెగ మీద ఉండగానే ఇది సాధ్యమని చూపించడం దీని ప్రత్యేకత. ఎలీ ఫింకెల్ బృందం షికాగోలో 120 జంటలను రెండేళ్లు గమనించి ఇదే సూత్రాన్ని కాపురాల్లో పెట్టి చూసింది. రెండో ఏడాది సగం జంటల చేత నాలుగు నెలలకోసారి ఏడు నిమిషాల రాతపని చేయించారు: ఈ మధ్య జరిగిన మీ గొడవను, ఇద్దరి మేలూ కోరే మూడో మనిషి చూస్తే ఏమనుకుంటాడో రాయండి అని. ఏడాది మొత్తం కలిపితే ఇరవై ఒక్క నిమిషాలు. ఆ జంటల్లో గొడవలు తగ్గలేదు. గొడవల వల్ల కలిగే క్షోభ తగ్గింది, తొలి ఏడాది దిగజారుతూ వచ్చిన దాంపత్య తృప్తి అక్కడితో నిలబడింది. 2024లో జపాన్‌లోని నగోయా విశ్వవిద్యాలయంలో ఇంకా చిన్న పని పరీక్షించారు. కోపం తెప్పించిన సంగతినీ తమ మనోభావాన్నీ కాగితం మీద రాసి, ఆ కాగితాన్ని చెత్తబుట్టలో పడేసినవాళ్ల కోపం దాదాపు పాత స్థితికి వచ్చింది. రాసి దగ్గర పెట్టుకున్నవాళ్లది అంతగా దిగలేదు. ఇది ఒక చోట కొద్దిమంది మీద జరిగిన ప్రయోగం, ఇంకా చాలా చోట్ల నిలబడి చూపించాలి. ఈలోగా అర్ధరాత్రి వాట్సాప్‌లో టైప్ చేసిన పొడుగాటి మెసేజ్‌ను పంపకుండా కాగితం మీదికెక్కించి చించేస్తే పోయేదేమీ లేదు.

వీటిని విడివిడి చిట్కాలుగా కాక ఒక శిక్షణగా కూర్చినవాడు కాలిఫోర్నియాకు చెందిన రేమండ్ నొవాకో. 1975లో ఆయన రాసిన పుస్తకంతోనే కోపాన్ని అదుపులో పెట్టుకునే శిక్షణ ఒక శాస్త్రీయ రూపం తెచ్చుకుంది. కోపం వచ్చే సందర్భాన్ని ముందే ఊహించుకోవడం, అప్పుడు ఏం చెప్పుకోవాలో, ఏం అనాలో చల్లటి వేళలో సాధన చేయడం, తేలికైన సందర్భాలతో మొదలుపెట్టి కష్టమైనవాటికి వెళ్లడం ఆయన పద్ధతి. ఎప్పుడు, ఎవరి మీద, ఎందుకు, అంతకుముందు తిన్నారా, నిద్రపోయారా అని రెండు వారాలు నోటు పుస్తకంలో రాసుకుంటే చాలామందికి తమ కోపం ఏ వేళకు, ఏ మనిషి దగ్గర వస్తుందో కళ్లకు కట్టినట్టు కనబడుతుంది. ఆ వేళకు ముందే టీ తాగడమో, ఆ సంభాషణను మర్నాటికి వాయిదా వేయడమో సగం పని చేసేస్తుంది. ఈ తరహా చికిత్సల మీద వచ్చిన 50 అధ్యయనాలను, 1,640 మందిని కలిపి 1998లో బెక్, ఫెర్నాండెజ్ లెక్కగట్టారు. చికిత్స పొందిన సగటు మనిషి, పొందనివాళ్లలో 76 శాతం మంది కంటే మెరుగ్గా ఉన్నాడు. వీళ్లలో ఖైదీలు, కాపురాల్లో హింసకు దిగినవాళ్లు, దూకుడు పిల్లలు కూడా ఉన్నారు కాబట్టి ఇది తరగతి గది ఫలితం కాదు.

కోపమే లేకపోతే అన్యాయాన్ని ఎదిరించేదెవరు అన్నది అన్నిటికంటే బరువైన అభ్యంతరం. జేమ్స్ ఏవరిల్ 1980ల్లో మామూలు మనుషుల రోజువారీ కోపాలను సేకరించి చూస్తే, అవి ఎక్కువగా తెలిసినవాళ్ల మీద, ప్రేమించేవాళ్ల మీదే వచ్చాయి. చాలా సందర్భాల్లో వాటి వల్ల మేలే జరిగిందని ఇరుపక్షాలూ చెప్పాయి. కోపం ఒక సమాచారం. ఇక్కడ ఏదో తప్పు జరుగుతోందని చెబుతుంది. మన నేల మీదే దీనికి గొప్ప ఉదాహరణ ఉంది. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1990ల మొదట్లో అక్షరాస్యత తరగతులకు వచ్చిన ఆడవాళ్లు, మగవాళ్ల కూలి డబ్బు ఎటు పోతోందో, ఒంటి మీద దెబ్బలు ఎక్కడి నుంచి వస్తున్నాయో కలిసి మాట్లాడుకున్నారు. రోశమ్మ వంటివాళ్లు ముందు నడిచి ఊళ్లో సారా దుకాణం మూయించారు. ఆ కథే పాఠమై ఊరూరా పాకింది, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. ఆ స్త్రీలకు కోపం లేదని ఎవరూ అనలేరు. అయితే అది ఒక్కొక్క ఇంట్లో ఒక్కొక్క రాత్రి అరుపుగా పేలినన్నాళ్లూ ఏమీ మారలేదు. నలుగురూ కూర్చుని, ఎవరి మీద, ఏం కావాలి అని తేల్చుకున్నాక మారింది. ఉద్రేకం దించుకోవడమంటే ఫిర్యాదును వదిలేయడం కాదు. దిగాకే ఫిర్యాదు ఎదుటివాళ్లకు వినబడే రూపంలోకి వస్తుంది: నువ్వెప్పుడూ ఇంతే అనడానికి బదులు, నిన్న చెప్పకుండా డబ్బు తీశావు, ఇకపై నన్నడిగి తీయి అనేటంత కచ్చితమైన రూపంలోకి.

చివరిగా ఒక గీత గీసుకోవాలి. ఆఫీసులో పై అధికారి ఎంత తిట్టినా చేతులు కట్టుకుని నిలబడి, ఇంటికొచ్చి భార్యను కొట్టే మనిషికి కోపం అదుపులో ఉంచుకోవడం రాదనడం తప్పు. వచ్చు, ఎక్కడ అవసరమో అక్కడ వాడుతున్నాడు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో పెళ్లయిన స్త్రీలలో దాదాపు 29 శాతం మంది భర్త చేతిలో హింసకు గురయ్యారు. దీన్ని ఊపిరి వ్యాయామాల సమస్యగా చూస్తే బాధితురాలికే అన్యాయం చేసినవాళ్లం అవుతాం. ఆమెకు ముందు కావాల్సింది రక్షణ, 181 మహిళా హెల్ప్‌లైన్ అందుకే ఉంది. ఇంకొందరిలో కోపం వేరే రోగానికి లక్షణం. మగవాళ్లలో డిప్రెషన్ చాలాసార్లు ఏడుపుగా కాక చిరాకుగా బయటపడుతుంది. థైరాయిడ్ ఎక్కువైనా, మద్యం అలవాటున్నా, నిద్రలో గురకతో ఊపిరి ఆగుతున్నా మనిషి చీటికీ మాటికీ భగ్గుమంటాడు. చిన్న కారణానికి వస్తువులు పగలగొట్టి, మనుషుల మీదికి పోయి, తర్వాత కుమిలిపోయేవాళ్లకు వచ్చే జబ్బుకు మానసిక వైద్యంలో పేరూ ఉంది, చికిత్సా ఉంది. అలాంటప్పుడు ఒక రక్త పరీక్ష, ఒక మానసిక వైద్యుడి సంప్రదింపు నెలల తరబడి చేసే సొంత ప్రయత్నం కంటే త్వరగా దారి చూపిస్తాయి. డాక్టరు దగ్గరికి వెళ్లడానికి మొహమాటపడేవాళ్లు కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలి మానస్‌కు, 14416 నంబరుకు ఫోన్ చేయొచ్చు. తెలుగులో మాట్లాడతారు, పగలూ రాత్రీ పనిచేస్తుంది, డబ్బు కట్టక్కర్లేదు.